హెబ్రీ 4:11: విశ్రాంతి కోసం కూడా కష్టపడాలా?

నైట్_డ్యూటీ | గుంటూరు జిల్లా | సోమవారం, మధ్యాహ్నం 2:10

అందరికీ వందనాలు. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాసింది లేదు. ఈసారి రాయక తప్పట్లేదు.

నేను ఆసుపత్రిలో నర్సుని. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీలే. సంఘంలో క్వయర్, సండే స్కూల్, స్త్రీల సమాజం కార్యదర్శి పని, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మంగళవారం ఎవరో ఒకరింట్లో కుటుంబ కూటం. పోయిన నెల మా దగ్గర మూడు రాత్రులు ఉజ్జీవ కూటాలు జరిగాయి. మొదటి రాత్రి వచ్చినాయన మత్తయి 11:28 తీసుకుని "మీ స్వంత ప్రయత్నాలు మానండి, ప్రభువులో విశ్రమించండి" అన్నారు. కూర్చున్నచోటే ఏడ్చేశాను. మూడో రాత్రి ఇంకొకాయన యాకోబు 2:17 మీద గట్టిగా చెప్పారు. క్రియలు లేని విశ్వాసం శవమేనట, అలాంటి శవాలు సంఘాల్లో వరసగా కుర్చీల్లో కూర్చుని ఉన్నాయట. ఆయన ఆ మాట అనేటప్పటికి నేను కుర్చీలో కూడా లేను. వెనక వరండాలో భోజనాలకి పేపర్ ప్లేట్లు లెక్కపెడుతున్నాను. మూడు వందలకి ఇరవై తక్కువొచ్చాయి. మళ్లీ ఏడుపొచ్చింది, ఈసారి ఎందుకో తెలీలేదు.

ఇంటికొచ్చి హెబ్రీ పత్రిక తీస్తే 4:11లో "ఆ విశ్రాంతిలో ప్రవేశించుటకు జాగ్రత్తపడుదము" అని ఉంది. అంటే విశ్రాంతి కూడా ఇంకో డ్యూటీయేనా? ఇద్దరు ప్రసంగీకుల్లో ఎవరి మాట వినాలి? దయచేసి "రెండూ కావాలి సిస్టర్" అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేయకండి. అది నాకూ తెలుసు.

---

నిప్పుకణిక | విజయవాడ | సోమవారం, సాయంత్రం 6:32

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. తప్పుగా అనుకోకండి గానీ ఈ మధ్య విశ్రాంతి బోధ ఎక్కువైపోయింది. ఏది అడిగినా "ప్రభువు చూసుకుంటాడు" అంటారు. సువార్తకు రమ్మంటే ఎండ, కూటానికి రమ్మంటే తలనొప్పి. పౌలు ఏమన్నాడు? "వారందరికంటె నేనెక్కువగా ప్రయాసపడితిని." 1 కొరింథీ 15:10. మనం పరలోకంలో విశ్రమిద్దాం, ఇక్కడ పని చేద్దాం.

---

పాతకాపు | ఒంగోలు | సోమవారం, రాత్రి 8:05

తమ్ముడూ, ఆ వచనం సగంలో ఆపావు. తర్వాతి మాట కూడా రాయి: "ప్రయాసపడినది నేను కాను, నాకు తోడైయున్న దేవుని కృపయే." ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన అలవాటు, సగం జవాబుకి మార్కులు వేయలేను.

---

గ్రీకు_పిచ్చోడు | సెరంపూర్ వేదాంత కోర్సు, రెండో సంవత్సరం | సోమవారం, రాత్రి 10:47

అక్కా, మీరు అడిగిన వచనం మీదే ఈ సెమిస్టర్ నేను పేపర్ రాశాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

"జాగ్రత్తపడుదము" అన్నచోట గ్రీకులో ఉన్న మాట స్పౌడాజో. ఆత్రపడటం, త్వరపడటం, శ్రద్ధ పెట్టడం అనే అర్థాలున్నాయి. పాత ఇంగ్లీషు బైబిల్లో "విశ్రాంతిలో ప్రవేశించడానికి శ్రమపడదాం" అన్నట్టుగా ఉంటుంది, అందుకే అది చదివి చాలామంది నవ్వుకుంటారు. మన తెలుగు అనువాదమే నయం అనిపిస్తుంది నాకు. పాము తిరిగే దారిలో నడిచేటప్పుడు చూపే జాగ్రత్తని శ్రమ అనం కదా.

అసలు సంగతి వచనంలో కన్నా వెనక ఉన్న కథలో ఉంది. 3, 4 అధ్యాయాలు మొత్తం 95వ కీర్తన మీద చేసిన ప్రసంగం లాంటివి. ఐగుప్తు నుంచి బయటికొచ్చి అరణ్యంలో రాలిపోయిన ఇశ్రాయేలు తరం గురించి. వాళ్లెందుకు వాగ్దాన దేశంలో ప్రవేశించలేదు? పని ఎక్కువై కాదు, పని తక్కువై కూడా కాదు. 3:19 చూడండి: అవిశ్వాసం వల్ల. ఆ దేశపు సరిహద్దు దగ్గర కాదేషులో నిలబడి, వేగులవాళ్లు మోసుకొచ్చిన ద్రాక్షగెల కళ్లతో చూసి కూడా "మనవల్ల కాదు" అన్నారు. మరునాడు దేవుడు వద్దన్నాక కత్తులు పట్టుకుని కొండెక్కి ఓడిపోయి వచ్చారు. సంఖ్యాకాండం 14 చదవండి, రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. వెళ్లమన్నప్పుడు కూర్చున్నారు, కూర్చోమన్నప్పుడు వెళ్లారు. కూర్చోవడంలోనూ వెళ్లడంలోనూ అదే అవిశ్వాసం.

కాబట్టి హెబ్రీ పత్రికలో విశ్రాంతికి ఎదురుగా నిలబెట్టింది పనిని కాదు, నమ్మకపోవడాన్ని.

ఇంకొక్క మాట. ఆ రెండు అధ్యాయాల్లో విశ్రాంతికి మామూలుగా వాడిన మాట కటపౌసిస్. 4:9లో మాత్రం సబ్బాటిస్మోస్ అని వేరే మాట. కొత్త నిబంధన మొత్తంలో అది అక్కడ ఒక్కచోటే ఉంది. సబ్బాతు, అంటే వారంలో పని ఆపి దేవునికిచ్చే ఏడో రోజు, దాని ఆచరణ అని అర్థం. అది నిద్ర లాంటిది కాదు, పండగ లాంటిది.

---

శుక్రవారం_సాయంత్రం | కర్నూలు | సోమవారం, రాత్రి 11:30

ఆ సబ్బాటిస్మోస్ మాట మీరు ఎత్తారు కాబట్టి చెప్తున్నా, మేము సెవెంత్ డే వాళ్లం, శనివారమే సబ్బాతు పాటిస్తాం. మా నాన్నకి కిరాణా కొట్టు ఉండేది. శుక్రవారం సూర్యాస్తమయం అయ్యేసరికి షట్టర్ దించేసేవారు. ఎదురు కొట్టువాళ్లు నవ్వేవాళ్లు, శనివారం గిరాకీ అంతా వాళ్లకే. నాన్న శనివారం ఏమీ సాధించేవాడు కాదు. పొద్దున ఆరాధన, మధ్యాహ్నం మామిడిచెట్టు కింద మంచం. దేవుడు ఆరు రోజులకే ఏడు రోజుల తిండి పెడతాడని నమ్మాలంటే నోటితో అంటే చాలదు, షట్టర్ దించాలి. నాకు తెలిసిన క్రియ గల విశ్వాసం అదే.

ద్వితీయోపదేశకాండం 5:15 చూడండి. నిర్గమకాండంలో సబ్బాతుకి కారణం సృష్టి. ఇక్కడ మాత్రం కారణం ఐగుప్తు. నువ్వు అక్కడ దాసుడివి, అది గుర్తుపెట్టుకో అంటాడు. దాసుడికి సెలవు ఎవరిస్తారు? సెలవు తీసుకోలేకపోతున్నామంటే ఇంకా ఐగుప్తు ఇటుకలు లెక్కపెడుతున్నామేమో.

---

నిప్పుకణిక | సోమవారం, రాత్రి 11:41

మళ్లీ శనివారం గొడవ మొదలా? కొలస్సీ 2:16 చదవండి బ్రదర్, విశ్రాంతిదినం విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదని ఉంది.

---

మోడరేటర్ | మంగళవారం, ఉదయం 7:00

శనివారమా ఆదివారమా అన్నదానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే 400 పోస్టులున్నాయి. ఈ థ్రెడ్‌లో మూడు కామెంట్లు తీసేశాను. షట్టర్ గురించి రాసింది ఉంచాను, అది ఈ చర్చకి పనికొచ్చేదే.

---

దాపటెద్దు | పల్నాడు | మంగళవారం, ఉదయం 9:20

నేను పెద్ద చదువుకున్నవాణ్ణి కాదమ్మా. మత్తయి 11 గురించి ఒకటి చెప్తా. 28 చదివి ఏడుస్తారు, 29 దగ్గరికి ఎవరూ పోరు. "మీమీద నా కాడి ఎత్తికొని" అని ఉంది అక్కడ. కాడి అంటే పనిముట్టు. విశ్రాంతి ఇస్తా రమ్మని పిలిచి చేతిలో దిండు పెట్టలేదు, మెడ మీద కాడి పెట్టాడు.

ఇప్పుడంతా ట్రాక్టర్లే. నా చిన్నప్పుడు మాకు రెండు జతలుండేవి. కొత్త కాడి చేయించాలంటే వడ్రంగి మా దొడ్లోకే వచ్చేవాడు. ముందు ఎద్దు మెడ మీద అరచెయ్యి పెట్టి తడిమేవాడు, మూపురం ముందు ఎంత ఎత్తుంది, తోలు ఎక్కడ మెత్తగా ఉంది అని. బాడిసెతో చెక్కి, కాడిని మెడ మీద ఆనించి, మళ్లీ దించి, ఇంకాస్త చెక్కేవాడు. ఆఖర్న గాజుపెంకుతో గీకి నున్నగా చేసి ఆముదం రాసేవాడు. ఒక ఎద్దుకి చేసిన కాడి ఇంకో ఎద్దుకి వేస్తే రెండో రోజుకే మెడ మీద పుండు. పుండు పడ్డాక అదే పొలం, అదే దుక్కి, కానీ ఎద్దు కదలదు. మేము చిన్నపిల్లలం, సోమరెద్దు అని ములుగర్రతో పొడిచేవాళ్లం. నాన్న మా చేతిలో కర్ర లాక్కుని కాడి ఎత్తి చూపించాడు ఒకసారి. ఈగలు ముసిరున్నాయి అక్కడ.

"నా కాడి సుళువుగా" అని ఆయన అన్నాడంటే నాకు ఆ వడ్రంగి గుర్తొస్తాడు. నువ్వు మోసేవాటిలో ఎన్ని నీ మెడ కొలతకి చేసినవో, ఎన్ని వేరేవాళ్ల కాడులో చూసుకో తల్లీ.

---

గ్రీకు_పిచ్చోడు | మంగళవారం, ఉదయం 10:02

పెదనాన్నా, ఇది మా క్లాసులో ఎవరూ ఇంత బాగా చెప్పలేదు. అక్కడ "సుళువు" అన్నచోట ఉన్న గ్రీకు మాట క్రేస్టోస్. మంచిది, హాయిగా ఉండేది, మేలు చేసేది అని అర్థం. బరువు లేనిదని కాదు. రెండో శతాబ్దంలో జస్టిన్ మార్టిర్ అనే క్రైస్తవ రచయిత కూడా రాశాడు, యేసు వడ్రంగి పనిలో నాగళ్లు, కాడులు చేసేవాడని.

ఒక్క చిన్న జాగ్రత్త. "ముసలి ఎద్దుతో కోడెను కట్టినట్టు యేసు మనతో జతకట్టి సగం బరువు మోస్తాడు" అని ప్రసంగాల్లో చెప్తుంటారు. వినడానికి బాగుంటుంది గానీ వాక్యంలో ఆ జత లేదు. యూదుల బోధకులు, రబ్బీలు, ధర్మశాస్త్రపు కాడి అనేవాళ్లు, దానికి ఎదురుగా ఆయన "నా కాడి" అంటున్నాడు. నా దగ్గర నేర్చుకో అనడం, అంతే.

---

దాపటెద్దు | మంగళవారం, ఉదయం 10:15

నేనూ జత అనలేదు నాయనా. నా పేరు చూసి పొరబడ్డావు.

---

ఇర్వింగ్_తమ్ముడు | టెక్సస్ | మంగళవారం, ఉదయం 11:50

ఇక్కడ అర్ధరాత్రి దాటింది, నిద్ర పట్టక చదువుతున్నా. విశ్రాంతి థ్రెడ్ నిద్ర పట్టనివాడే చదవాలి కదా.

నాకు యాక్టివ్ ఫెయిత్, అదే క్రియల్లో చూపే విశ్వాసం, అన్న మాట వింటేనే భయం. కారణం చెప్తా. మా నాన్న ఊళ్లోనే ఉంటారు, షుగర్, ఇన్సులిన్ మీద ఉన్నారు. మూడేళ్ల క్రితం ఒక ప్రార్థన కూటంలో ఎవరో "విశ్వాసాన్ని క్రియలో చూపించండి, సూది పక్కన పెట్టండి" అన్నారట. నాన్న అమాయకుడు, పెట్టేశారు. ఐదో రోజు ఐసీయూ. నేను ఇక్కడ్నుంచి టికెట్ దొరక్క వీడియో కాల్‌లో మానిటర్ చూస్తూ కూర్చున్నా. బతికారు, దేవునికి స్తోత్రం. కానీ ఆయనకి వచ్చిన మొదటి మాట "నా విశ్వాసం చాల్లేదురా". ఆ మాట అన్నవాళ్ల మీద నాకు ఇంకా కోపం పోలేదు, దాచుకోను.

తర్వాత యెషయా 38 చదివాను. జబ్బుపడ్డ రాజు హిజ్కియా గోడవైపు తిరిగి ఏడ్చాడు, దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు పొడిగించాడు, ఎండ పది మెట్లు వెనక్కి వెళ్లింది. ఇంత అద్భుతం జరిగాక చివర్లో ప్రవక్త యెషయా ఏమన్నాడు? అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుకి కట్టండి అన్నాడు. కట్టు కట్టడం అవిశ్వాసం కాలేదు అక్కడ. నాన్నకి ఇది ఫోన్లో చదివి వినిపించాను. రెండుసార్లు చదవమన్నారు.

---

నైట్_డ్యూటీ | మంగళవారం, మధ్యాహ్నం 1:35

అన్నా, మీ నాన్నగారి లాంటి వాళ్లను వార్డులో చూస్తూనే ఉంటాం. కీటోన్లు పెరిగి వాంతులతో వస్తారు, ఊపిరి పండిన పండు వాసన వేస్తుంది. ఈ థ్రెడ్ చదివేవాళ్లెవరైనా సరే, డాక్టర్ని అడక్కుండా ఇన్సులిన్ ఆపకండి. ప్రార్థన చేస్తూనే సూది వేసుకోవచ్చు. నేను ప్రతి రాత్రీ చేసేది అదే.

---

పాతకాపు | మంగళవారం, సాయంత్రం 5:40

మా ఊరి సంగతి ఒకటి చెప్తాను, సాక్ష్యం అనుకోండి, చరిత్ర అనుకోండి.

మా ఇంటి డాబా మీంచి ప్రార్థన కొండ కనిపిస్తుంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఆ కొండెక్కి ఒంగోలు కోసం ప్రార్థన చేశారు. అప్పటికి అమెరికన్ బాప్టిస్టులు తెలుగు మిషన్‌ని మూసేద్దామా అని ఆలోచిస్తున్నారు. ఏళ్ల తరబడి నెల్లూరులో పని చేసినా వేళ్ల మీద లెక్కపెట్టే మందే నమ్మారు. కొండ దిగాక మర్నాడు ఏమీ జరగలేదు. ఆ మరుసటి ఏడాదీ జరగలేదు. తర్వాతి మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. పన్నెండేళ్లు.

తర్వాత 1876-78 కరువు. క్లౌ సర్వే పని తెలిసిన మనిషి. ప్రసంగాలు పక్కన పెట్టి బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు, జనానికి కూలి దొరకాలని. వేలమంది ఆ పనిలో బతికారు. బాప్తిస్మం ఇమ్మని గుంపులుగా వచ్చారు. ఆయన ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారని ఎవరూ అనకూడదని, కరువు తగ్గేదాకా ఏడాదికి పైగా ఆపాడు. పని చేయాల్సినచోట పార పట్టాడు, ఫలితం చేతికొచ్చినచోట చేతులు కట్టుకున్నాడు. రెండోదే కష్టం అంటాను నేను. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు.

అమ్మాయ్, నీ కోసం ఒక ముక్క. ఆ రోజు నీళ్లలో దిగింది ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారికి ఇద్దరే ఇచ్చేవారు. ఆ ఇద్దరూ అలసిపోతే గట్టుకొచ్చి కూర్చునేవారు, ఇంకో ఇద్దరు దిగేవారు. అంత ఉజ్జీవంలో కూడా షిఫ్టులున్నాయి.

---

నైట్_డ్యూటీ | మంగళవారం, సాయంత్రం 6:10

మాస్టారూ, ఆ షిఫ్టుల మాటకి గట్టిగా నవ్వాను. మావారు ఏమైందని అడిగారు.

---

నిప్పుకణిక | మంగళవారం, రాత్రి 9:15

అందరూ నన్నే విలన్ని చేస్తున్నారు, సరే. ఇన్సులిన్ ఆపమన్నవాళ్లని నేనూ సమర్థించను. కానీ ఒక ప్రశ్న. ఈ సిస్టర్ విశ్రాంతి అని మానేస్తే ఆ ప్లేట్లు ఎవరు లెక్కపెడతారు? ఇంకో సిస్టరే. ఆమెకీ ఇల్లు, పిల్లలు ఉంటారు. మన విశ్రాంతి ఇంకొకరికి భారం కాకూడదు కదా?

---

పాస్టరమ్మ | మెదక్ జిల్లా | మంగళవారం, రాత్రి 10:30

తమ్మీ, ఇంతసేపటికి మంచి ప్రశ్న అడిగినవ్. మీ సంఘంల మగవాళ్లకు లెక్కలు రావా?

నేను పాస్టర్ భార్యను, ఇరవై రెండేండ్లు. మార్త వడ్డిస్తుంటే చెల్లె మరియ యేసు పాదాల కాడ కూసున్న కథ ఎన్నిసార్లు నా మీదికి విసిరిన్రో లెక్కలేదు. అన్నం వడ్డిస్తుంటే నవ్వుకుంట "మార్తా మార్తా" అంటరు, చెయ్యి కడిగి మరియ లెక్క కూసుంటే "పాస్టరమ్మ ఏంది, కూసుంది" అంటరు. చెల్లీ, లూకా 10 దగ్గర ఆగిపోకు. యోహాను 12:2 చూడు. అదే బేతనియ, అదే ఇద్దరు అక్కచెల్లెళ్లు. అక్కడ ఏముంది? "మార్త ఉపచారము చేసెను." ఇంకా వడ్డిస్తనే ఉంది! ప్రభువు వంటింట్లకెళ్లి ఆమెను బయటికి గుంజలే. పోయింది పని కాదు, "నా చెల్లెలు నాకు సాయం చేస్తలేదు, నీకు చింత లేదా" అన్న ఆ ఫిర్యాదు. నడుమ ఏమైంది? వాళ్ల తమ్ముడు లాజరు చచ్చిపోయి, ప్రభువు పిలిస్తే లేచిండు. ఎవరి చేతుల ఏముందో ఆమెకు తెలిసింది.

నాకు అది ఒక రాత్రి తెలిసింది. పెద్ద కథ ఏం లేదు. క్రిస్మస్ ముందు, కేక్ ఆర్డర్ తప్పు పడ్డది, నేను ఫోన్ మీద ఎవరినో తిడుతున్న. మా చిన్నది వచ్చి "అమ్మా, యేసయ్య పుట్టినరోజా, నీ పరీక్షనా" అన్నది. ఫోన్ పెట్టేసిన. ఆ ఏడు కేక్ లేకుంటనే అయింది పండుగ. ఎవరూ విశ్వాసం కోల్పోలే.

చెల్లీ, పనులన్నీ ఒక కాగితం మీద రాసి ప్రార్థన చేసి చూడు. కొన్నింటి పక్కన "ప్రభువు అడిగిండు" అని రాయగలుగుతవ్. కొన్నింటి పక్కన "కాదంటే వాళ్లు ఏమనుకుంటరో" అని రాయవలసొస్తది. ఆ రెండోవి మెల్లగ దించు. ఒక్కసారి అన్నీ పడేయకు, సంఘం ఆగమైతది, నీకు మళ్ల అపరాధ భావం.

---

ఇర్వింగ్_తమ్ముడు | బుధవారం, ఉదయం 8:20

పాస్టరమ్మ గారి పోస్టు ప్రింట్ తీసి మా ఆవిడకి ఇచ్చాను.

ఇంగ్లండు మిషనరీ హడ్సన్ టేలర్ సంగతి కూడా గుర్తొచ్చింది. చైనాలో పనిచేస్తూ ఆత్మీయంగా ఎండిపోయి ఉన్నప్పుడు, 1869లో తోటి మిషనరీ రాసిన ఉత్తరం చదివాడు. విశ్వాసం కోసం పాకులాడటం కాదు, నమ్మదగినవాడి మీద ఆనుకోవడం అన్నట్టుంటుంది అందులో. ఆయన మనసులో భారం దిగింది. పని మాత్రం దిగలేదు, ఆ తర్వాత దశాబ్దాలు చేస్తూనే ఉన్నాడు, 1905లో చైనాలోనే చనిపోయాడు.

---

గ్రీకు_పిచ్చోడు | బుధవారం, ఉదయం 9:05

అన్నా, ఆ ధోరణి తర్వాత ఇంగ్లండులో పరిశుద్ధ జీవితం గురించి జరిగే కెజిక్ కూటాలకి దారితీసింది, 1875 నుంచి. మేలు చాలా జరిగింది. కానీ కొందరు "నువ్వేమీ చేయొద్దు, పూర్తిగా వదిలేయ్" అనేదాకా వెళ్లారు. దానికి బిషప్ రైల్ 1877లో పుస్తకమే రాశాడు, పరిశుద్ధతలో పోరాటం ఉంటుంది అని. నాకు ఇద్దరి మీదా గౌరవమే. ఎండిపోయినవాడికి టేలర్‌ని ఇవ్వాలి, నిద్రపోతున్నవాడికి రైల్‌ని. మందు మారితే ప్రమాదం. అక్క వెళ్లిన కూటాల్లో జరిగింది అదేనేమో, మూడో రాత్రి ప్రసంగం తప్పు కాదు, ఆ మందు చేరింది వేరే రోగికి.

ఒక్కటి చెప్పి ఆపుతా. ఎర్రసముద్రం ముందు, ఐగుప్తు సైన్యం వెనక ఉన్నప్పుడు, నిర్గమకాండం 14లో 14వ వచనం "యెహోవా మీ పక్షమున యుద్ధము చేయును, మీరు ఊరకయే యుండవలెను." వెంటనే 15లో "సాగిపోవుడి". మధ్యలో ఒక్క చుక్క మాత్రమే ఉంది.

---

నైట్_డ్యూటీ | తర్వాతి వారం ఆదివారం, సాయంత్రం 4:50

ఆలస్యానికి క్షమించండి, నాలుగు నైట్లు వరసగా పడ్డాయి.

పాస్టరమ్మ అక్క చెప్పినట్టు కాగితం రాశాను. క్వయర్ పక్కన ఏం రాయాలో తెలీక అరగంట కూర్చున్నా. పాడటం ఇష్టమే, ప్రాక్టీసుకి అందర్నీ ఫోన్లు చేసి పిలవడం ఇష్టం లేదు. కార్యదర్శి పని ఈ ఏడాదితో ఆపుతానని స్త్రీల సమాజంలో చెప్పాను. ఒకామె ముఖం మాడ్చుకుంది. ఇంకొకామె, అసలు ఊహించనావిడ, "నాకు లెక్కలొచ్చు, నన్నెవరూ అడగలేదు" అంది. నిప్పుకణిక బ్రదర్, మీ ప్రశ్నకి జవాబు మా దగ్గర అలా దొరికింది.

మంగళవారం కుటుంబ కూటానికి నైట్ డ్యూటీ వారాల్లో వెళ్లను. మొదటి మంగళవారం సాయంత్రం ఇంట్లో ఉంటే చేతులు ఊరుకోలేదు, అల్మారా సర్దాను. అంత తొందరగా రాదు కాబోలు.

సండే స్కూల్ మాత్రం వదల్లేదు. దాపటెద్దు పెదనాన్నా, అది నా మెడకి సరిగ్గా కుదిరిన కాడే, ఎప్పుడూ పుండు పడలేదు. ఇవాళ నిర్గమకాండం 16, అరణ్యంలో దేవుడు పెట్టిన ఆహారం, మన్నా పాఠం. రోజూ ఏరుకోవాలి, ఆరో రోజు రెండంతలు, ఏడో రోజు ఏమీ ఉండదు. అది తెల్లని కొతిమెర గింజలా ఉండేదని రాసుంది కదా, చూపిద్దామని ఇంట్లోంచి గుప్పెడు ధనియాలు పట్టుకెళ్లాను. క్లాసు గదిలో చల్లి, ఒక్కొక్కరు తమకి కావలసినన్ని ఏరుకోమన్నా. ఇద్దరు కొట్టుకున్నారు, ఒకడు నాలుగు నమిలి ఉమ్మేశాడు. వచ్చే వారం తేనె రాసిన అప్పాలు తెస్తానని మాటిచ్చాను. శనివారం నైట్ ఉంది, అప్పాలు మావారు చేస్తానంటున్నారు. ఎలా వస్తాయో చూడాలి.